దుకాణం ఎవరి పేరిట?

యాప్రాల్‌లో ఆఫీసు కొలువు విడిచి, గల్ఫ్‌లో చిన్న వ్యాపారం పెట్టదలచిన యువకులు దుఆ కోరుతూ మా వద్దకు వస్తుంటారు. దుఆ చేస్తాము. ఒక ప్రశ్న కూడా అడుగుతాము: “దుకాణం ఎవరి పేరిట?”

వలస, వ్యాపారం మనకు కొత్తవి కావు. మక్కా వదలి మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన బర్కత్ కోసం దుఆ చేసి, బజారుకు దారి అడిగారు. జున్ను, నెయ్యి అమ్మి నిలదొక్కుకున్నారు. పరుల సొమ్ము ఆశించలేదు. తన వ్యాపారం తానే చేసుకున్నారు.

నేడు కొందరు స్థానికుని పేరిట లైసెన్సు తీసి, అమ్మ నగలు అమ్మిన సొమ్ము అందులో పెడుతున్నారు. సౌదీలో ఇది ‘తసత్తుర్’ అనే నేరం. 2020 నాటి చట్టం ప్రకారం 5 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రియాళ్ల వరకు జరిమానా. తగవు వస్తే పెట్టుబడి తనదని చెప్పుకోవడమే నేరం ఒప్పుకోవడమవుతుంది. సక్రమమైన మార్గాలు లేకపోలేదు. యు.ఎ.ఇ.లో 2021 నుండి అనేక వ్యాపారాలకు విదేశీయులే పూర్తి యజమానులు కావచ్చు.

అప్పును సాక్షుల ఎదుట వ్రాసుకోవాలని దివ్య ఖుర్ఆన్ (బఖరా: 282) ఆదేశిస్తున్నది. కనుక సోదరులారా, మీ పేరిట లైసెన్సు, తెచ్చిన అప్పుకు పత్రం, ఈ రెండూ చేతికి వచ్చాకే రాజీనామా వ్రాయండి.