శ్రవణభక్తికి ఇంటి కంప్యూటరు

నవవిధ భక్తులలో శ్రవణము మొదటిది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి ధర్మపురికి, వేములవాడకు వచ్చు భక్తులు ఇంటి కంప్యూటరులో వేదపారాయణము వినుట ఎట్లని నన్ను అడుగుచుందురు.

వేదమున ఉదాత్తానుదాత్త స్వరితములు ధ్వని యొక్క ఎత్తుపల్లములు. విని నేర్చు బాలునికి మసకబారిన ధ్వని తప్పునే నేర్పును. కావున మొదట ఫైలును పరిశీలింపవలెను.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో నిలుపుదురు. ఎంపీ3 పరిమాణము తగ్గించుటకై చెవికి అంతగా అందని అంశములను విడిచివేయును. మితిమీరి కుదించినచో హల్లుల స్పష్టత చెడును. ఫ్లాక్ ఏమియు విడువకయే పరిమాణమును తగ్గించును. ఎంపీ3ను ఫ్లాక్‌గా మార్చినను పోయినది తిరిగి రాదు. సీడీ నుండియే ఎక్కించుకొనవలెను.

ఉచితముగా లభించు వీఎల్‌సీ ప్లేయరు ఫ్లాక్‌ను వినిపించును. ఈక్వలైజరును, బాస్ పెంపును ఆపివేయుడు. రెండు స్పీకర్లను చెవి ఎత్తున, మీకు సమదూరమున ఉంచుడు. గరగర వినబడినచో యూఎస్‌బీ డాక్ అను చిన్న పరికరము తగిలించి చూడుడు.

హార్డ్‌డిస్కు శాశ్వతము కాదు. రెండవ ప్రతిని వేరొక డిస్కులో దాచుడు. ఇంటి పెద్దల పారాయణమున్న పాత క్యాసెట్లను అన్నిటికంటె ముందు ఎక్కించుడు. సీడీలు మరల కొనవచ్చును. ఆ గొంతు మరెక్కడను దొరకదు.