పూలమొక్కలకు ఊతకఱ్ఱలు

పగటిపొద్దు తగ్గిన పిదపగాని చామంతి మొగ్గ తొడుగదు. అందుచేత మన కోస్తా జిల్లాలలో అది మొగ్గలతో నిండు కాలమును, ఈశాన్య ఋతుపవనముల గాలివానలు వీచు కాలమును ఇంచుమించు ఒక్కటే. తడిసిన పూల బరువునకు కాడ వంగును. గాలి తోడైనచో విరుగును. నెలల తరబడి చేసిన పెంపకము ఒక్క రాత్రిలో మట్టిపాలగును.

ఊతకు వెదురుబద్ద మేలు. అది దొరకనిచో ఎండిన కందికట్టె చాలును. మన పల్లెలలో దానికి కొదువలేదు. కఱ్ఱ మొక్కకంటె కొంచెము పొట్టిగా నుండవలెను. పువ్వును మించి కనబడు కఱ్ఱ తోటకు అందము కాదు. దానిని జానెడు లోతున దిగవేయవలెను. డాలియా విషయమున మాత్రము ముందుచూపు అవసరము. దాని వేళ్లు దుంపలు. మొక్క ఎదిగిన పిదప కఱ్ఱ గ్రుచ్చితిమా, దుంప చీలి కుళ్లును. కనుక ముందు కఱ్ఱను పాతి, పిదప దాని ప్రక్కన దుంపను నాటవలెను.

ఇక కట్టుట. చాలమంది కాడను, కఱ్ఱను కలిపి బిగించి చుట్టుదురు. కాడ లావెక్కుకొలది దారము దానిని కోయును. ఇనుపతీగ మరింత చెడ్డది. బాలలారా! మెత్తని గోగునారనో, తడిపిన అరటినారనో తీసికొని మొదట కఱ్ఱకు ముడివేయుడు. నారను ఒకసారి మెలిపెట్టి, కాడచుట్టు వ్రేలు దూరునంత వదులుగా త్రిప్పి, మరల కఱ్ఱవద్దనే ముడివేయుడు. అపుడది 8 అంకెవలె నుండును. నడుమనున్న ఆ మెలికయే కాడ కఱ్ఱకు ఒరసికొనకుండ కాపాడును. మొక్క జానెడు ఎదిగినప్పుడెల్ల మరియొక కట్టు కావలెను.

గాలివాన వెలిసిన ఉదయమున తోటలోనికి పోయి, కదలిన కఱ్ఱల మొదట మన్ను గట్టిగా త్రొక్కుడు.