ఇరవై రెండో ద్వారం

దూరాన ఉన్న యంత్రంతో పని చేయించడం ఇంటర్నెట్ కంటే పాత విద్య. 1940 సెప్టెంబరులో జార్జ్ స్టిబిట్జ్ డార్ట్‌మత్ కాలేజీలో ఒక టెలిటైప్ పెట్టించి, న్యూయార్క్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్ యంత్రం చేత గణితవేత్తల ఎదుటే సంకీర్ణ సంఖ్యల లెక్కలు చేయించాడు. తీగ వెంట లెక్క వెళ్లింది, జవాబు తిరిగొచ్చింది. దూరం సంగతి ఆనాడే తేలిపోయింది. తేలనిది నమ్మకం సంగతి: దారిలో ఎవరైనా చెవి ఒగ్గి వింటున్నారా, అవతల పలుకుతున్నది మన యంత్రమేనా? దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి 1969లో మొదలైన టెల్‌నెట్ ఈ ప్రశ్నల జోలికి పోలేదు. పాస్‌వర్డ్ సైతం ఏ ముసుగూ లేకుండా నెట్‌వర్క్ మీద సాగిపోయేది, పోస్టుకార్డు మీద రాసిన రహస్యంలా. ఇంటర్నెట్‌కు ముందరి నెట్‌వర్కైన ఆర్పానెట్‌లో ఉన్నది కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలే కనుక టెల్‌నెట్ రూపకర్తలను తప్పుపట్టలేం.

1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లను కాజేశారు. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ (సెక్యూర్ షెల్) రాశాడు. నెట్‌వర్క్‌లో ఒక్కో సేవకు పోర్టు అనే అంకెల ద్వారం ఉంటుంది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్‌లో సంభాషణంతా సంకేతలిపిలో నడుస్తుంది. పాస్‌వర్డ్ బదులు తాళంచెవుల జత వాడుకోవచ్చు. రహస్య చెవి మన కంప్యూటర్‌ను దాటదు, బహిరంగ చెవి మాత్రం సర్వర్‌లో ఉంటుంది.

తెర మీది బొమ్మలతోనే దూరపు కంప్యూటర్‌ను నడపగలుగుతుంటే ఎస్‌ఎస్‌హెచ్‌లో టైపు చేసే నల్లతెర ఆదేశాలు దేనికని అడగవచ్చు. కానీ 1998లో కేంబ్రిడ్జి నుంచి వెలువడిన వీఎన్‌సీ తెరను చూపేదే తప్ప దారిని కాపాడేది కాదు; అందుకే దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంలోంచి నడపడం వాడుకైంది. అసలు బరువైన ఆక్షేపణ వేరు: గణితం ఎంత గట్టిదైనా మనిషి బలహీనుడే కదా? నిజమే. కొత్త సర్వర్‌తో తొలిసారి కలిసినప్పుడు దాని తాళంచెవిని గుర్తుపట్టే ‘వేలిముద్ర’ తెర మీద కనబడుతుంది. దాన్ని సరిచూడకుండానే చాలామంది ‘యెస్’ అని కొట్టేస్తారు. 2024 మార్చిలో బయటపడ్డ కుట్ర ఇంకా లోతైనది. తలుపు జోలికి పోకుండా గోడలో ఇటుక మార్చారు: ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి దాచి, కొన్ని లినక్స్ పంపిణీల్లో దాని ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌లోకి చొరబడే ఏర్పాటు చేశారు. అయితే ఈ ఉదంతంలోనే ఆక్షేపణకు సగం జవాబూ ఉంది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీశాడు. కోడ్ అందరికీ తెరిచి ఉంది కనుక ఆ అర సెకను వెంట మూలందాకా వెళ్లగలిగాడు. అప్పటికి ఆ లైబ్రరీ ఎక్కువగా ప్రయోగదశ విడుదలల్లోకే చేరింది.