చెవిని మరిపించి చిన్నదైన పాట

సీడీ మీద ఐదు నిమిషాల పాటకు దాదాపు 53 మెగాబైట్ల చోటు కావాలి. దాన్నే ఎంపీ3గా మార్చి టాబ్లెట్‌లో వేసుకుంటే 5 మెగాబైట్లు కూడా పట్టదు. పదింట తొమ్మిది పాళ్లు తీసేసినా పాట పాటలాగే వినిపిస్తుంది. తీసేసిందేమిటి, మిగిలిందేమిటి అన్నది కరీంనగర్, ఆదిలాబాద్ పాటల విషయంలో మరీ ముఖ్యం. ఇక్కడి ఒగ్గుకథలకు, గోండుల దండారి పాటలకు చాలాసార్లు ఎవరింటి అటకమీదో ఉన్న క్యాసెట్టే మూలప్రతి.

ఎంపీ3 మూలాలు జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉన్నాయి. అక్కడి ఆచార్యుడు డీటర్ సైట్జర్ టెలిఫోన్ తీగల మీద సంగీతం పంపాలనుకున్నాడు. పేటెంటు అడిగితే, అది అయ్యే పని కాదని తిప్పి పంపారు. 1980ల మొదట్లో ఆ చిక్కుముడిని ఆయన తన విద్యార్థి కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ చేతికిచ్చాడు. ముడి నిజంగా గట్టిదే. సీడీ ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమకూ కుడికీ వేర్వేరుగా. అంతా కలిపితే సెకనుకు 14 లక్షల బిట్లు దాటుతుంది. అప్పటి డిజిటల్ టెలిఫోన్ లైను ఒక్కో దారిలో మోయగలిగింది 64 వేలు మాత్రమే.

దారి మన చెవిలోనే దొరికింది. జాతరలో డప్పులు మోగుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. గొంతు పలుకుతూనే ఉంటుంది, గాలిలో ఆ అలలూ ఉంటాయి, కానీ పెద్ద చప్పుడు చిన్నదాన్ని కప్పేస్తుంది. కప్పబడిపోయిన ధ్వనికి బిట్లు ఖర్చు పెట్టడం ఎందుకన్నదే ఎంపీ3 కిటుకు. ధ్వనిని శ్రుతుల వారీగా విడదీసి, ఏది వినపడుతుందో ఏది వినపడదో లెక్క కట్టి, వినపడని చోట కొలతలను ముతకగా రాస్తుంది. మనిషి చెవి బలహీనతను ఇంత శ్రద్ధగా చదివిన యంత్రాలు అరుదు.

ఈ పద్ధతిని ముప్పుతిప్పలు పెట్టినది సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’. అందులో వాద్యాలు లేవు, ఒంటరి ఆడగొంతు ఒక్కటే. తప్పులను కప్పిపుచ్చడానికి పక్కన మరో శబ్దం లేకపోవడంతో మొదట్లో ఆ గొంతు వికృతంగా వినిపించింది. బ్రాండెన్‌బర్గ్ ఆ పాటను మళ్లీ మళ్లీ వింటూ పద్ధతిని సరిదిద్దాడు. దరువు ఆపి, ఒక్క గొంతుతో కథ నడిపే ఒగ్గు కళాకారుడి మాట ఈరోజు టాబ్లెట్‌లో తేటగా వినపడుతుందంటే ఆ పాట్ల ఫలం అందులో ఉంది.

ఆ తర్వాతి కథ వేగంగా సాగింది. 1993లో ప్రమాణం అచ్చయింది. ఫైలు పేరు చివర ‘ఎంపీ3’ అని ఉండాలని 1995 జులై 14న నిర్ణయించారు. చేతిలో పట్టే ప్లేయర్లు 1998లో వచ్చాయి. 2017లో పేటెంటు లైసెన్సుల వ్యవహారం ముగిసి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేదయింది.

మన వైపు పాట క్యాసెట్టు నుంచి నేరుగా టాబ్లెట్‌కు రాలేదు. మధ్యలో వీసీడీల కాలం ఒకటుంది. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన ఒగ్గు కళాకారుడు మిద్దె రాములు 2010లో కన్నుమూశారు. ఆయన తరం కథలను ఇళ్లలో క్యాసెట్లలో విన్నవాళ్లు, డిస్కుల్లో చూసినవాళ్లు ఎందరో. వీసీడీ ఒక్కటి 74 నిమిషాలే పలుకుతుంది, రాత్రంతా సాగే కథకు డిస్కులు వరసగా కావాలి. ఆ డిస్కును కంప్యూటర్‌లో పెడితే ‘ఎంపెగ్‌ఏవీ’ ఫోల్డరులో ‘డాట్’ ఫైళ్లు కనబడతాయి. అందులోని ధ్వని ఎంపెగ్ లేయర్ 2, ఎంపీ3కి స్వయానా అన్న. ఎంపీ3 అంటే లేయర్ 3. అంటే అది ఇదివరకే ఒకసారి కోతపడిన ధ్వని. దాన్ని ఎంపీ3 చేస్తే రెండో కోత. అందుకే మార్చాక కూడా ఆ డాట్ ఫైలును పారేయకూడదు.

ఆడియో సీడీతో మరో చిక్కు. అందులో కనిపించే ‘సీడీఏ’ ఫైళ్లను కాపీ చేసి టాబ్లెట్‌లో వేస్తే ఏమీ పలకదు. ఒక్కోటి 44 బైట్లే. పాట డిస్కులో ఎక్కడుందో చెప్పే చిరునామా తప్ప అందులో పాట లేదు. పాటను సాఫ్ట్‌వేర్‌తో డిస్కులోంచి బయటికి తీయాలి, అంటే రిప్ చేయాలి. విండోస్ మీడియా ప్లేయర్‌తో రిప్ చేసినవారికి అది అలవాటుగా డబ్ల్యూఎంఏ ఇచ్చేది. ఐప్యాడ్ దాన్ని తీసుకోదు, చాలా ఆండ్రాయిడ్ టాబ్లెట్లూ తమంతట తాము పలికించవు. ఎంపీ3, ఏఏసీ అయితే రెండింటికీ పనికొస్తాయి. ఆండ్రాయిడ్ టాబ్లెట్‌ను తీగతో కలిపినప్పుడు తెర మీద ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి, లేకుంటే ఛార్జింగ్ తప్ప మరేమీ జరగదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒగ్గు డోలు. ఎంపీ3 ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి రాస్తుంది. మామూలుగా ముక్క నిడివి సెకనులో వందో వంతుకు కాస్త ఎక్కువ. ముక్క మధ్యలో డోలు మీద దెబ్బ పడితే, ఆ లెక్కలోని పొరపాటు ముక్కంతా పరుచుకుంటుంది. దెబ్బ పడకముందే సన్నని బుస వినిపిస్తుంది. స్పెయిన్ వారి చెక్క తాళాలు కాస్టనెట్స్ రికార్డింగులతో ఇంజనీర్లు ఈ లోపాన్ని పట్టుకుని, అలాంటి చోట ముక్కను మూడో వంతుకు కుదించే ఏర్పాటు చేశారు. దానికి బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. సెకనుకు 64 వేల బిట్లకు, అంటే 64 కేబీపీఎస్‌కు కుదిస్తే తాళాల మెరుపు, గుస్సాడీ గజ్జెల స్పష్టత ముందుగా పోతాయి. గుస్సాడీ నాట్యానికి 2021 పద్మశ్రీ పురస్కారం పొందిన మార్లవాయి కనకరాజు అడుగును గజ్జెల సవ్వడి లేకుండా ఊహించలేం. గోండుల కథలు పాడే ప్రధాన్ల కిక్రీ తంత్రి పలికే సన్నని గరగరా అంతే. కుదించే యంత్రానికి అది చిల్లర, కానీ వాద్యానికి అదే గుర్తు.

అందుకని దాచుకునే ప్రతి వేరు, వినే ప్రతి వేరుగా ఉండాలి. క్యాసెట్టు ప్లేయరును కంప్యూటర్ లైన్-ఇన్‌కు కలిపి ఆడాసిటీలో రికార్డు చేస్తే గంట పాట స్టీరియోలో 635 మెగాబైట్ల వేవ్ ఫైలవుతుంది. దాన్ని ఫ్లాక్‌గా మారిస్తే చాలాసార్లు సగానికి దగ్గరగా తగ్గుతుంది, ఒక్క బిట్టూ పోదు. టాబ్లెట్ కోసం అందులోంచి 192 కేబీపీఎస్ ఎంపీ3 ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. ఎంపీ3 నుంచి ఫ్లాక్ చేస్తే మాత్రం పోయింది తిరిగి రాదు. ఫైలు పేరు తెలుగులో రాసుకోవచ్చు. నార్నూర్ మండలం గుంజాల గ్రామం పేరుతో ఉన్న గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, తగిన ఫాంటు ఉంటే పాట పేరును ఆ లిపిలోనే పెట్టొచ్చు.

మీ ఇంట్లో తాతల నాటి క్యాసెట్టు ఉంటే టేపు బూజు పట్టకముందే ఈ పని మొదలుపెట్టండి. పాడినవారు ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది ఫైలు పేరులోనే రాయండి. ఫ్లాక్ ప్రతులు రెండు చేసి రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి, పిల్లల టాబ్లెట్‌లో ఎంపీ3 వేయండి.