కుమార్తె భాగము



అసమానత అనగానే మన సంఘాలలోని పెద్దలకు గుర్తుకు వచ్చే సంగతులు కొన్ని ఉన్నవి. హోటలులో మన వారి కోసం వేరుగా పెట్టిన గ్లాసు. ఊరి బావి గట్టు ఎక్కనీయక, ఎవరైనా చేది పోసేవరకు ఖాళీ కడవతో ఎండలో నిలబెట్టిన రోజులు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారు 1941లో ‘గబ్బిలం’ కావ్యములో చెప్పిన బాధ, మన ఇళ్ళలో అక్షరము రాని వారికి కూడా తెలిసిన బాధయే. ఇక కూలి సంగతి. అదే మడిలో, అదే ఎండలో వంగి పనిచేసినా పురుషునికి ఒక కూలి, స్త్రీకి ఒక కూలి. ఇద్దరికీ సమానముగా ఇవ్వవలెనని 1976లోనే చట్టము వచ్చినది. గట్టు మీద నిలబడి లెక్క చూసే ఆసామికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇవన్నీ బయటివారు మనకు చేసినవి గనుక వీటిని గూర్చి మాట్లాడుట మనకు సులభము. ఈ నెల మేము మాట్లాడదలచినది మన గడప లోపలి సంగతి. తండ్రి చనిపోయిన తరువాత కుమార్తెకు రావలసిన భాగమును గూర్చి.

పల్లెలలో మేము చూస్తూ వస్తున్న పద్ధతి ఇట్లు ఉంటుంది. ఇంటి పెద్ద ప్రభువునందు నిద్రిస్తాడు. భూస్థాపన జరుగుతుంది, తరువాత జ్ఞాపకార్థ కూడిక, భోజనాలు. అత్తవారింటి నుండి వచ్చిన కుమార్తె తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకొనే వేళకు అన్నదమ్ములలో ఒకరు మడత పెట్టిన కాగితము తెస్తారు. “ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా, పాసు పుస్తకం మార్పించాలి” అంటారు. చదివి వినిపించేవారు ఉండరు. మేనత్త పక్కనే కూర్చొని, “పుట్టింటి గుమ్మం ముఖ్యం గాని నాలుగు సెంట్ల నేల ముఖ్యమా” అంటుంది. పాపము, ఆమె కూడా ఒకనాడు అట్లాగే సంతకము పెట్టి వచ్చిన మనిషే. పిల్ల కళ్ళు తుడుచుకొని సంతకము పెడుతుంది, రాకపోతే వేలిముద్ర వేస్తుంది. గొడవ లేకుండా జరిగిపోయింది గనుక మంచి కుటుంబమని ఊరంతా అంటారు. మనమూ ప్రార్థన చేసి వస్తాము.

ఆ కాగితము చాలాసార్లు హక్కు విడుదల పత్రము. ఆమె విడిచిపెట్టిన హక్కు ఏమిటో చూద్దాము.

క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టము. వీలునామా వ్రాయకుండా చనిపోయిన వానికి భార్యా పిల్లలు ఉంటే, ఆస్తిలో మూడో వంతు భార్యది. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానము. కొడుకు, కూతురు అనే భేదము లేదు. పెళ్ళి అయినది, కానిది అనే భేదము కూడా లేదు. మూడు ఎకరాల పొలము, భార్య, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారనుకొనండి. భార్యకు ఒక ఎకరము. పిల్లలు నలుగురికి తలా 50 సెంట్లు, తెలంగాణ లెక్కలో 20 గుంటలు. కుమార్తె తండ్రి కంటే ముందే చనిపోయి ఉంటే ఆమె భాగము ఆమె పిల్లలకు వస్తుంది. భార్య ముందుగా పోతే, ఆమె పేరున ఉన్న ఆస్తిలో భర్తకు కూడా అదే మూడో వంతు.

“దానికి పెళ్ళిలో ఇచ్చేశాము గదా” అనే మాట ప్రతి ఇంట వినబడుతుంది. ఆ మాటకు జవాబు ఈ చట్టములోనే ఉన్నది. తండ్రి బ్రతికి ఉండగా బిడ్డకు ఇచ్చిన డబ్బును గాని వస్తువును గాని, తరువాత వచ్చే వాటా నుండి తీసివేయకూడదని 49వ సెక్షను చెబుతున్నది. పైగా పెళ్ళిలో ఇచ్చినది ఆమె చేతికి వచ్చినదా? అత్తవారి చేతికి పోయినది. 1961 నుండి నేరమైన కట్నమును ఇచ్చి, దానినే లెక్క చూపించి న్యాయమైన వాటాను ఎగవేయుట ఏ లెక్కయో మాకు బోధపడలేదు. కొడుకు చదువుకు పెట్టిన ఖర్చును అతని వాటాలో తీసివేసిన ఇంటిని మేము ఇంతవరకు చూడలేదు.

ఇది నిన్న మొన్న పట్నములో పుట్టిన ఆలోచన అని కొందరు అనుకొంటారు. కాదు. బళ్ళారిలో, అనంతపురము ప్రాంతము కూడా ఆ జిల్లాలో కలిసి ఉన్న కాలమున, మాత్యూ అబ్రాహాము అనే దేశీయ క్రైస్తవుడు 1842లో చనిపోయాడు. అతని విధవరాలు షార్లట్‌కు, మరిది ఫ్రాన్సిస్‌కు ఆస్తి విషయమై వ్యాజ్యము నడిచి, సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వెళ్ళినది. క్రైస్తవుడైన వానిని పాత ఉమ్మడి కుటుంబ నియమము తప్పనిసరిగా బంధించదని 1863లో తీర్పు వచ్చినది. రెండు సంవత్సరాలకే, 1865లో, వారసత్వ చట్టము వచ్చి కుమార్తెకు కుమారునితో సమాన భాగము వ్రాసినది. 1925 నాటి చట్టము దాని స్థానములో వచ్చినదే. అంటే మన ముత్తవ్వల కాలము నుండి ఈ భాగము పుస్తకములో ఉన్నది. పొలములో మాత్రము లేదు.

కేరళలో సంగతి వేరుగా ఉండేది. తిరువాన్కూరు సంస్థానములో 1916 నాటి క్రైస్తవ వారసత్వ చట్టము ప్రకారము కుమార్తెకు కుమారుని వాటాలో నాలుగో వంతు, లేక 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే. కొట్టాయములో పాఠశాల నడిపిన మేరీ రాయ్ గారు దీనిపై సుప్రీం కోర్టుకు వెళ్ళారు. అక్కడి క్రైస్తవులకు కూడా 1925 చట్టమే వర్తించునని 1986 ఫిబ్రవరిలో కోర్టు తీర్పు చెప్పినది. సంతోషించవలసిన సంఘ నాయకులలో అనేకులు అప్పుడు సంతోషించలేదు. ఆమె 2022లో చనిపోయారు. అక్కడి స్త్రీలు కోర్టుకెక్కి సంపాదించుకొన్న హక్కు ఇక్కడ మన బిడ్డలకు పుట్టుకతోనే ఉన్నది. దానిని మనము భోజనాల తరువాత ఒక కాగితముతో తీసివేస్తున్నాము.

మన వారిలో ఇంకొక చిక్కు ఉన్నది. ఆరాధన ఇక్కడ, కాగితాలలో మతము వేరొకటి. ఎందుకట్లు ఉన్నదో అందరికీ తెలిసినదే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గరకు పోవలసిన పెద్ద కథ అది. “మాకు ఆ చట్టం వర్తించదులెండి” అని కొందరు తప్పుకొంటారు. హిందూ వారసత్వ చట్టము ప్రకారము కూడా తండ్రి స్వార్జితములో కుమార్తెకు 1956 నుండి సమాన భాగము ఉన్నది. పిత్రార్జితములో మన రాష్ట్రము 1985లో పెళ్ళికాని కుమార్తెలకు, 2005లో దేశమంతటా కుమార్తెలందరికీ సమాన హక్కు వచ్చినది. ఏ దారిన వెళ్ళినా ఆడబిడ్డ వాటా ఎదురవుతుంది.

వాక్యము తెలిసిన వారి అభ్యంతరాలు కూడా విన్నాము. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు సమాజమంతటి ఎదుట నిలబడి తండ్రి స్వాస్థ్యమును అడిగినారు. మోషే తన సొంత తీర్పు చెప్పక ఆ సంగతిని దేవుని సన్నిధికి తీసికొనిపోగా, వారు అడిగినది న్యాయమని జవాబు వచ్చినది. వెంటనే ఎవరో ఒకరు 36వ అధ్యాయము తీస్తారు. అక్కడ వారి వివాహమునకు హద్దు పెట్టబడినది గాని వారి భాగము తీసివేయబడలేదు, మరల చదవండి. సహోదరులు లేనందుననే వారికి ఇచ్చినారంటారా? యోబుకు కుమారులు ఏడుగురు ఉన్నారు. అయినను తన ముగ్గురు కుమార్తెలకు సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చినాడు.

“ప్రభువే పంపకాలలో తలదూర్చలేదు గదా, పాస్టరు గారికి ఎందుకు?” అని లూకా 12వ అధ్యాయము చూపేవారు ఉన్నారు. నిజమే, ఆయన మధ్యవర్తిగా కూర్చొనలేదు. అయితే అక్కడనే లోభమును గూర్చి హెచ్చరించినాడు. మన ఇళ్ళలో తన 50 సెంట్లు అడిగిన చెల్లెలిని లోభి అంటున్నాము. ఆ 50 సెంట్లు దున్నుకొంటున్న అన్నను ఏమనవలెను?

అన్నలందరూ దుర్మార్గులని మా భావము కాదు. ఎకరము భూమిని నలుగురు పంచుకొంటే ఎవరికీ బ్రతుకు గడవదనే భయము నిజమైనది. అప్పుడు చెల్లెలి వాటాకు వెల కట్టి వాయిదాల మీద ఇవ్వవచ్చును, పంటలో కౌలు ఇవ్వవచ్చును. ఆమె అంతా తెలిసి, మనస్ఫూర్తిగా వదులుకొంటే అది ఆమె ఇష్టము. అయితే మొదట ఆమెకు తెలియాలి. భర్త విడిచిపెట్టిన దినమున, లేక విధవరాలై ఇద్దరు పిల్లలతో పుట్టింటి గుమ్మములోకి వచ్చిన దినమున, వదినె ముఖము చూస్తూ అన్నము తినే స్త్రీకి ఆ 50 సెంట్లు ఏమిటో అడిగి చూడండి. ఆ గుమ్మము కోసమే గదా ఆమె ఆనాడు సంతకము పెట్టినది.

వృద్ధులను గూర్చి ఒక మాట. క్రైస్తవ వారసత్వ చట్టములో ఒక లోటు ఉన్నది. పిల్లలు గల కుమారుడు చనిపోతే అతని ఆస్తిలో అతని తల్లికి ఏమీ రాదు. హిందూ చట్టములో ఆ తల్లికి కూడా ఒక వాటా ఉన్నది. కావున తల్లిని పోషిస్తున్న కుమారుడు ఆమె కొరకు వీలునామాలో వ్రాసిపెట్టుట మంచిది. బ్రతికి ఉండగానే ఆస్తి అంతా పిల్లలకు వ్రాసి ఇచ్చే తల్లిదండ్రులు, తమను పోషించవలెనను షరతును ఆ దస్తావేజులోనే వ్రాయించుకోవలెను. అట్టి షరతు తప్పిన వారి దస్తావేజును 2007 నాటి చట్టము క్రింద రద్దు చేయించవచ్చును. పోషణ కొరకు ఆర్డీవో గారి ఎదుట దరఖాస్తు పెట్టుకోవచ్చును.

వీలునామా విషయములో మన చట్టము తండ్రికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చినది. ఎవరికి ఎంతైనా వ్రాయవచ్చును. కుమార్తె పేరు లేకుండా చేయుటకు కొందరు వాడుకొనే తలుపు కూడా ఇదే. దానికి ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. ఆ వీలునామాలో వాటా పొందేవాడు గాని, వాని భార్య గాని సాక్షి సంతకము చేస్తే వాని వాటా చెల్లదు. ఈ కారణము చేతనే సాక్షి సంతకమునకు తరచుగా పాస్టరు గారిని, సంఘ పెద్దలను పిలుస్తారు. పిలిచినప్పుడు వెళ్ళండి. కలము తీయకముందు ఆ కాగితమును మొదటి నుండి చివరి వరకు పైకి చదివించి, “అమ్మాయి పేరు ఎక్కడ ఉన్నది?” అని ఆ తండ్రిని అడగండి.