స్క్రోల్ సా వర్క్ షేర్ చేస్తున్నారా? ఫొటో ఒక్కటే పెడితే చాలదు.. ఈ వివరాలు లేకపోతే అవతలివాళ్ల చెక్క వేస్టే!

చెక్క మీద లేసు అల్లినట్టు సన్నటి డిజైన్లు.. గోడకు తగిలించే దేవుడి బొమ్మలు, ఇంటి పేరుతో నేమ్ ప్లేట్లు, పిల్లల పజిళ్లు. స్క్రోల్ సా మీద చేసిన ఇలాంటి వర్క్ వీడియోలు ఫోన్లో కనిపిస్తే వేలు ఆగిపోతుంది. చూసినవాళ్లలో కొందరికి 'మనమూ ట్రై చేద్దాం' అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఫొటో అదిరిపోతుంది కానీ, ఏ చెక్క వాడారు? ఎంత మందం? ఏ నంబర్ బ్లేడ్? డిజైన్ ఎక్కడిది? ఇవేవీ ఉండవు. ఫలితం.. కొత్తవాళ్లకు బ్లేడ్లు విరుగుతాయి, చెక్క పోతుంది, ఆసక్తి కూడా పోతుంది. మరి తోటి హాబీయిస్టులకు నిజంగా పనికొచ్చేలా షేర్ చేయడం ఎలా? వివరంగా చూద్దాం.

ఇంతకీ స్క్రోల్ సా అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే కుట్టుమిషన్‌లాంటి రంపం. సూది ఉండాల్సిన చోట సన్నటి బ్లేడ్ ఉంటుంది. దాన్ని పైనా కిందా బిగిస్తారు. మోటార్ ఆన్ చేస్తే చాలా మోడళ్లలో నిమిషానికి సుమారు 400 నుంచి 1,600 సార్లు పైకీ కిందకీ ఆడుతుంది. రంపం కదలదు, చెక్కనే మనం చేతులతో తిప్పుతూ గీత వెంట నడిపించాలి.

దీని అసలు బలం లోపలి కోతలో ఉంది. డిజైన్ మధ్యలో చిన్న రంధ్రం వేసి, బ్లేడ్‌ను ఒకవైపు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి దూర్చి మళ్లీ బిగిస్తారు. దాంతో బయటి అంచు తెగకుండానే లోపలి భాగాన్ని కోసి తీసేయొచ్చు. ఒక్కో వర్క్‌లో ఇలాంటి రంధ్రాలు వందకు పైగా కూడా ఉంటాయి. మెషీన్ కొనే స్తోమత లేకపోయినా ఫర్వాలేదు.. చేత్తో కోసే ఫ్రెట్ సాతో ఇదే పని నిదానంగా చేయొచ్చు.

షేరింగ్ ఈనాటిది కాదు

ఈ హాబీ పెరిగిందే ఒకరి డిజైన్ ఇంకొకరికి చేరడం వల్ల. ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ ప్రాంతంలో డెరెమ్ అనే చిన్న ఊరుంది. 1895లో అక్కడ 'హాబీస్' అనే వారపత్రిక మొదలైంది. పత్రికతో పాటు చెక్క మీద అతికించి కోసుకునే డిజైన్ షీట్లు పాఠకులకు అందేవి. కాలితో తొక్కే రంపాలు కూడా అదే సంస్థ అమ్మేది. అంటే వందేళ్ల కిందటే 'డిజైన్ మాది, కోత మీది' అనే పద్ధతి ఉందన్నమాట.

1930ల్లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు అమెరికాలో ఇంకోటి జరిగింది. పని లేని చాలామంది ఇంట్లోనే చెక్క పజిళ్లు కోసి అమ్మారు. కొనలేనివాళ్ల కోసం వాటిని అద్దెకిచ్చే షాపులు, లైబ్రరీలు వచ్చాయి. ఒకరు కోసిన పజిల్ ఎన్నో ఇళ్లు తిరిగింది. చేతిలో ఫోన్ లేని రోజుల్లోనే ఇంత పంచుకున్నారు. ఇప్పుడు ఒక్క క్లిక్‌తో పంపేస్తున్నాం. కానీ వెళ్లాల్సిన సమాచారం వెళ్తోందా?

ఒకే డిజైన్.. అక్కడ కుదిరింది, ఇక్కడ ఊగుతోంది.. ఎందుకు?

ఉదాహరణకు అమెరికాలో ఒకరు చిన్న షెల్ఫ్ డిజైన్ పెట్టారనుకుందాం. అక్కడ చెక్క మందం అంగుళాల్లో లెక్క. ముప్పావు అంగుళం అంటే 19 మిల్లీమీటర్లు. డిజైన్‌లో గాడి కూడా అంతే ఉంటుంది. మన దగ్గర షాపులో ఆ స్థానంలో ఎక్కువగా దొరికేది 18 మి.మీ. ప్లైవుడ్. అందులో బిగిస్తే ఒక మిల్లీమీటరు ఖాళీ. చూడటానికి చిన్నదే, కానీ షెల్ఫ్ గడగడా ఊగుతుంది.

ఇంకో చిక్కు ప్రింటింగ్‌లో ఉంది. అమెరికా లెటర్ పేపర్ వెడల్పు సుమారు 216 మి.మీ., మన ఏ4 వెడల్పు 210 మి.మీ. ప్రింట్ కొట్టేటప్పుడు 'ఫిట్ టు పేజ్' ఆప్షన్ ఆన్‌లో ఉంటే డిజైన్ మొత్తం దాదాపు 97 శాతానికి కుదించుకుపోతుంది. అప్పుడు 12 మి.మీ. గాడి కాస్తా 11.6 మి.మీ. అవుతుంది. 12 మి.మీ. చెక్క అందులో దూరదు. గంటల తరబడి కోశాక చివర్లో ఇది తెలిస్తే ఎలా ఉంటుంది?

పరిష్కారం చాలా చిన్నది. డిజైన్ షీట్ మూలన సరిగ్గా 50 మి.మీ. పొడవున ఒక గీత గీసి, పక్కన '50 మి.మీ.' అని రాయండి. ప్రింట్ తీసుకున్నవాళ్లు స్కేలుతో కొలిచి చూసుకుంటారు. తేడా ఉంటే చెక్క మీద అతికించకముందే తెలిసిపోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే క్వాలిటీ తగ్గి సన్నటి గీతలు మసకబారతాయి.

తెలుగు నేమ్ ప్లేట్.. ఇది మనవాళ్లు మాత్రమే ఇవ్వగలిగే డిజైన్

ఇంగ్లిష్ అక్షరాల డిజైన్లు నెట్‌లో బోలెడు. తెలుగు అక్షరాల విషయానికొస్తే కథ వేరు. ఇంగ్లిష్‌లో 'ఐ', 'జె' చిన్న అక్షరాల మీది చుక్కలు తప్ప దాదాపు ప్రతి అక్షరం ఒకే ముక్క. తెలుగులో అలా కాదు. ప, స, హ లాంటి అక్షరాల్లో చాలా ఫాంట్లలో తలకట్టు అక్షరానికి తగలకుండా విడిగా ఉంటుంది. ఒత్తులు కింద విడిగా ఉంటాయి. సున్నా పక్కన విడిగా ఉంటుంది. ఫాంట్‌లో ఉన్నది ఉన్నట్టు కోస్తే తలకట్టు ఒకచోట, అక్షరం ఒకచోట, ఒత్తు ఇంకోచోట పడతాయి.

పలకలో అక్షరాల ఆకారంలో రంధ్రాలు కోసే పద్ధతిలో ఇంకో ఇబ్బంది ఉంది. సున్నా చుట్టూ కోస్తే దాని లోపలి గుండ్రటి ముక్క కూడా రాలిపోతుంది. అప్పుడు సున్నా కాస్తా పెద్ద రంధ్రంలా కనిపిస్తుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ముక్కల్ని కలుపుతూ సన్నటి 'వంతెనలు' వదలడం. తలకట్టును కొంచెం కిందికి లాగి అక్షరానికి తగిలించడం కూడా ఇలాంటిదే. రెండు, కోసిన అక్షరాల్ని వెనకాల ఇంకో పలక మీద అతికించడం. వంతెన ఎక్కడ పెడితే అక్షరం చదవడానికి ఇబ్బంది ఉండదో తెలుగు చదవడం వచ్చినవాళ్లకే తెలుస్తుంది. ఏ విదేశీ డిజైనరూ మనకిది చేసిపెట్టరు. అందుకే మీరు ఒక తెలుగు నేమ్ ప్లేట్ కోస్తే, దాని ఫొటోతో పాటు వంతెనలు గీసిన షీట్ కూడా పెట్టండి. ఆ షీట్ డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబానికీ పనికొస్తుంది, దర్శిలో ఉన్న కుర్రాడికీ పనికొస్తుంది.

పోస్టులో ఏమేం ఉండాలి?

ఫొటో కింద ఈ వివరాలు రాస్తే చాలు. రెండు నిమిషాల పని.

1. చెక్క పేరు, మందం: 'ప్లైవుడ్' అని వదిలేయకుండా '6 మి.మీ. ప్లైవుడ్' అని రాయండి. టేకు, వేప లాంటివైతే ఆ పేరు చెప్పండి.

2. బ్లేడ్ నంబర్, రకం: నంబర్ పెరిగేకొద్దీ బ్లేడ్ మందం పెరుగుతుంది. 3 మి.మీ. ప్లైవుడ్‌లో సన్నటి పనికి 1 లేదా 3, మందమైన చెక్కకు 5, 7, 9 నంబర్లు వాడతారు. రివర్స్ టూత్ బ్లేడ్ అయితే అది కూడా చెప్పండి. కింది పళ్లు తిరగేసి ఉండటం వల్ల అడుగువైపు చెక్క పీచులు లేవడం తగ్గుతుంది.

3. స్పీడ్: కచ్చితమైన అంకె అక్కర్లేదు. స్లో, మీడియం, ఫాస్ట్ అన్నా సరిపోతుంది.

4. ఎన్ని రంధ్రాలు, ఎంత సమయం: ఇది చూసే కొత్తవాళ్లు 'మనవల్ల అవుతుందా' అని నిర్ణయించుకుంటారు.

5. ఏ వరసలో కోశారు: మామూలుగా లోపలి సన్నటి భాగాలు ముందు, బయటి అంచు చివర్లో. బయటిది ముందే కోస్తే పట్టుకోవడానికి చెక్క మిగలదు.

6. ఫినిషింగ్: నూనె, పాలిష్, పెయింట్.. ఏది వేశారో, ఎన్ని కోట్లు వేశారో రాయండి.

7. డిజైన్ ఎవరిది: దీని గురించి కింద విడిగా చూద్దాం.

విరిగిన ముక్క కూడా చూపించండి

అందరూ బాగా వచ్చినదాన్నే పెడతారు. కానీ నేర్చుకునేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది చెడిపోయిన ముక్కే. ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టినవాళ్లందరికీ దాదాపు ఇవే సమస్యలు వస్తాయి.

బ్లేడ్ గీత వెంట పోకుండా పక్కకు లాగుతోందా? తప్పు మీ చేతిది కాకపోవచ్చు. చాలా బ్లేడ్లకు తయారీలోనే ఒకవైపు గరుకు అంచు మిగిలిపోతుంది. అందుకే అవి కాస్త ఒక పక్కకు లాగుతాయి. చెక్కను కొంచెం ఏటవాలుగా నెడితే సరిపోతుంది.

అంచులు నల్లగా కాలుతున్నాయా? బ్లేడ్ మొద్దుబారి ఉండొచ్చు, లేదా స్పీడ్ ఎక్కువై ఉండొచ్చు. డిజైన్ పేపర్ మీద పారదర్శకంగా ఉండే ప్యాకింగ్ టేపు అతికించి కోస్తే కాలడం చాలావరకు తగ్గుతుంది. బ్లేడ్లు పదేపదే విరుగుతున్నాయా? సరిగ్గా బిగించి ఉండరు, లేదా చెక్కను బలంగా తోస్తుండొచ్చు.

కాలిన అంచు, విరిగిన కొమ్మ ఫొటో పెట్టి 'ఇక్కడ ఇలా అయింది' అని ఒక్క లైన్ రాస్తే, పది మంది చెక్క మిగులుతుంది.

డిజైన్ ఎవరిదో చెప్పాల్సిందే

'నెట్‌లో ఫ్రీగా దొరికింది కదా' అనుకుంటే పొరపాటే. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బొమ్మ, డ్రాయింగ్, ఫొటో.. ఇవన్నీ కళాకృతుల కిందకే వస్తాయి. డ్రాయింగ్ వేసిన వ్యక్తి బతికున్నన్నాళ్లు, ఆ తర్వాత 60 ఏళ్ల వరకు దానికి కాపీరైట్ ఉంటుంది. ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోమన్నంత మాత్రాన, దాన్ని కోసి అమ్ముకోమన్నట్టు కాదు. డిజైనర్ పెట్టిన షరతులు చదవాలి. కొందరు ఇంట్లో వాడుకోవడానికి ఓకే అంటారు, కొందరు కొన్ని పీసులు అమ్ముకోనిస్తారు, కొందరు అసలు ఒప్పుకోరు.

అభిమాన హీరో ఫొటోను డిజైన్‌గా మార్చి కోసినా ఇదే లెక్క. ఆ ఫొటో ఎవరో ఒకరు తీసిందే. ముఖ్యంగా అమ్మేముందు ఇది ఆలోచించాలి. షేర్ చేసేటప్పుడు 'కోత నాది, డిజైన్ ఫలానావారిది' అని రాయడం కనీస మర్యాద. ఆ పేరు లేకపోతే, కష్టపడి గీసి ఉచితంగా ఇచ్చేవాళ్లు రేపు ఇవ్వడం మానేస్తారు. నష్టపోయేది మనమే.

మాస్క్ లేని వీడియో.. అదీ ఒక పాఠమే

ఇది లైట్ తీసుకోవాల్సిన విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ, 1995లోనే చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమయ్యే పదార్థాల జాబితాలో చేర్చింది. ఎండీఎఫ్ లాంటి బోర్డుల్లో అయితే చెక్క పొడిని కలిపి ఉంచడానికి ఎక్కువగా ఫార్మాల్డిహైడ్ ఉండే జిగురు వాడతారు. అది కూడా అదే జాబితాలో ఉంది.

స్క్రోల్ సా మీద చిన్న గాలి గొట్టం ఉంటుంది. అది గీత కనిపించడానికి దుమ్మును ఊదేస్తుంది. కానీ ఆ దుమ్ము మాయమైపోదు కదా.. గాల్లోకి లేచి మన ముక్కులోకే వస్తుంది. ఏసీ గదిలో, తలుపులు మూసిన బెడ్‌రూమ్‌లో కోయొద్దు. ఎన్95 మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. మీరు మాస్క్ లేకుండా వీడియో తీస్తే, చూసి నేర్చుకునే పదిహేనేళ్ల పిల్లాడు కూడా అలాగే చేస్తాడు.

ఇంకో జాగ్రత్త. అమెరికా నుంచి బంధువులతో మెషీన్ తెప్పించుకునేవాళ్లు ఉంటారు. అక్కడ కరెంట్ 120 వోల్టులు, మన దగ్గర 230. నేరుగా ప్లగ్ పెడితే మోటార్ కాలిపోతుంది. తగినంత సామర్థ్యం ఉన్న స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే.

గిఫ్ట్ వేరు, అమ్మకం వేరు

స్నేహితుడి పాపకు ఏనుగు పజిల్ చేసి ఇవ్వడం ఒకటి. అదే పజిల్‌ను ఆర్డర్ల మీద అమ్మడం ఇంకొకటి. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు దేశంలో 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ నాణ్యతా గుర్తు తప్పనిసరి చేశారు. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల్లా భౌగోళిక గుర్తింపు ఉన్నవాటిని తయారుచేసే అధీకృత వాడకందారులకు మినహాయింపు ఇచ్చారు. హాబీగా మొదలుపెట్టి బొమ్మల అమ్మకం వైపు వెళ్లాలనుకునేవాళ్లు ముందే ఈ రూల్ చూసుకోవాలి. గిఫ్ట్ ఇచ్చినా సరే, పిల్లలు నోట్లో పెట్టుకునేంత చిన్న ముక్కలు లేకుండా, అంచులు శాండ్‌పేపర్‌తో నున్నగా రుద్ది ఇవ్వండి.

పోస్ట్ చేసే ముందు చిన్న టెస్ట్

మీ ఫొటో, దాని కింద రాసింది ఒకసారి చదవండి. మీతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా, వేరే ఊళ్లో ఉన్న మనిషి ఆ వివరాలతోనే ఆ బొమ్మను మళ్లీ కోయగలరా? కోయగలరంటే మీరు నిజంగా షేర్ చేసినట్టే. లేదంటే ఇంకో రెండు లైన్లు రాసి, ఆ 50 మి.మీ. గీత ఉందో లేదో చూసుకుని, అప్పుడు పోస్ట్ చేయండి.