బడికా, ఇంటికా? పట్టణాల అప్పుపై అపోహలు – వాస్తవాలు

ఆ మధ్య ఏలూరులో టీ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు గట్టిగానే వాదించుకుంటున్నారు. ఒకాయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడట. అక్కడ బడి కట్టాలంటే బాండ్లు వేసి, జనం చేత ఓటు వేయించి మరీ కడతారట. మన కార్పొరేషన్ ఎందుకు అలా చేయదని ఆయన బాధ. రెండో ఆయన ఒప్పుకోలేదు. "బడి సంగతి తర్వాతండీ, ముందు లేనివాడికి గూడు కావాలి కదా" అన్నాడు. ఇద్దరూ ఊరి మేలు కోరేవాళ్ళే. కానీ వాళ్ళు నమ్ముతున్న సంగతుల్లో చాలావాటికి మన ఊళ్ళలో ఆధారం లేదు.

అపోహ: కార్పొరేషన్ తలుచుకుంటే బాండ్లు వేసి బడులు కట్టేయొచ్చు.

వాస్తవం: టెక్సాస్‌లో బడులు సాధారణంగా నగరపాలక సంస్థ చేతిలో ఉండవు. స్కూల్ డిస్ట్రిక్ట్ అని వేరే సంస్థ ఉంటుంది. ఆస్తిపన్ను వేసే హక్కు దానికి సొంతంగా ఉంది, ఆ పన్నే బాండ్లకు పూచీ. అక్కడి ప్లేనోలోనో ఫ్రిస్కోలోనో బాండ్లకు ఓటేస్తున్న మనవాళ్ళు ఒక రకంగా తమ పన్ను పెంపుకీ ఓటేస్తున్నట్టే.

మన దగ్గర ఆ అమరిక లేదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీలకు 18 పనులు చెప్పింది. అందులో విద్య గురించి ఉన్నది విద్యను ప్రోత్సహించాలన్న మాట మాత్రమే. టీచర్ల జీతాలు రాష్ట్రం ఇస్తుంది. 2022లో మున్సిపల్ బడుల పర్యవేక్షణ కూడా పాఠశాల విద్యాశాఖ చేతికి వెళ్ళింది. బడుల బాగు కోసం 2019లో మొదలైన నాడు–నేడు పథకంలో గదులు, మరుగుదొడ్లు, ప్రహరీల పని జరిగింది తల్లిదండ్రుల కమిటీల ద్వారా. అందుకే కొత్త గదుల కోసం కార్పొరేషన్ ఆఫీసు ముందు కూర్చోవడం సగం దారి మాత్రమే, మిగతా సగం విద్యాశాఖ దగ్గర ఉంది.

అపోహ: బాండ్లంటే బయటి నుంచి వచ్చే డబ్బు. ఊరికి లాభమే తప్ప నష్టం లేదు.

వాస్తవం: బాండు అంటే అప్పు. ఇది బుర్రకెక్కకపోతే మిగతా చర్చంతా గాలికి పోతుంది. హైదరాబాద్ జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్ల బాండ్లు 8.9 శాతం వడ్డీకి అమ్మింది. అదే ఏడాది డిసెంబరులో విశాఖ జీవీఎంసీ 80 కోట్లకు 10 శాతం ఇచ్చింది. అమరావతి కోసం రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ తెచ్చిన 2,000 కోట్లకు వడ్డీ 10.32 శాతం, దానికి రాష్ట్రం హామీ కూడా ఉంది.

విశాఖ లెక్కే చూద్దాం. 80 కోట్లకు 10 శాతం అంటే మొదట్లో ఏడాదికి 8 కోట్లు వడ్డీకే పోతుంది. అది ఎక్కడి నుంచి రావాలి? ఊళ్ళో వసూలైన పన్ను ముందు ఎస్క్రో ఖాతాలో పడుతుంది. బాండ్లు కొన్నవాళ్ళ బాకీ పక్కన పెట్టాకే మిగిలింది కార్పొరేషన్ చేతికి వస్తుంది. వీధి దీపాలు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, డ్రైనేజీ పూడిక తీత ఆ మిగిలిన దాంట్లోంచే. విశాఖంత ఊరు ఈ బరువు మోయగలదు. 2011 జనగణనలో రెండు లక్షలు దాటిన ఏలూరు, లక్ష దాటిన తాడేపల్లిగూడెం ఎంత మోయగలవో ముందు కాగితం మీద తేలాలి.

పైగా అనుమతుల దారి పొడుగు. అప్పు చేయాలంటే రాష్ట్రం ఒప్పుకోవాలి. 2015లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నిబంధనల ప్రకారం ఖాతాలు సరిగ్గా ఉండాలి, పాత అప్పు ఎగ్గొట్టి ఉండకూడదు. మన దేశంలో ఇలాంటి బాండ్ల సొమ్ము ఎక్కువగా మంచినీటికి, మురుగునీటికి, రోడ్లకు వెళ్ళింది. నీటికి చార్జీ వసూలు చేయొచ్చు. సర్కారు బడి నుంచి పైసా రాదు, రాకూడదు కూడా.

అపోహ: బడికి పెడితే ఇళ్ళు ఆగిపోతాయి, ఇళ్ళకు పెడితే బడి ఆగిపోతుంది.

వాస్తవం: ఇవి వేర్వేరు జేబులు. పేదల ఇళ్ళకు 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన డబ్బు, రాష్ట్రం వాటా, పట్టణాల్లో ఈ ఇళ్ళు కట్టే రాష్ట్ర సంస్థ టిడ్కో తెచ్చిన అప్పు. బడికి విద్యాశాఖ నిధులు. 15వ ఆర్థిక సంఘం మన సైజు ఊళ్ళకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. ఒక జేబులోది తీసి ఇంకో జేబులో వేయడానికి కౌన్సిల్‌కు వీలుండదు.

ఈ రెండూ నిజంగా తగులుకునేది స్థలం దగ్గర. చవగ్గా దొరికిందని ఊరి చివర భూమి కొంటారు, వందల ఇళ్ళు లేస్తాయి, బడి మాత్రం పాత పేటలోనే ఉండిపోతుంది. అలాంటి ఒక కాలనీ మొగలో పొద్దున్న ఎనిమిదింటికి నిలబడి చూశాను. ఒక్క ఆటోలో పిల్లలు కిక్కిరిసి ఉన్నారు, సంచులు వెనక కడ్డీకి వేలాడుతున్నాయి. ఇద్దరు ఆడపిల్లలు డ్రైవరుకు చెరో పక్కన అంచు మీద కూర్చున్నారు. నెలనెలా ఆటో కిరాయి కట్టలేక రెండో పిల్లను మాన్పించానని ఒక తల్లి చెప్పింది. విద్యాహక్కు చట్టం కింద మన రాష్ట్ర నిబంధనలు ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలంటున్నాయి. కాలనీ లేఅవుట్ గీసే రోజునే బడి స్థలం గీస్తే ఆ పిల్ల ఇవాళ తరగతిలో ఉండేది.

అపోహ: టిడ్కో ఇల్లు ఉచితం.

వాస్తవం: 300 చదరపు అడుగుల ఇల్లే రూపాయికి ఇస్తామన్నారు. 365, 430 అడుగుల ఇళ్ళకు లబ్ధిదారు పేరు మీద బ్యాంకు అప్పు ఉంటుంది. ఇల్లు చేతికి రాకముందే వాయిదాల నోటీసులు అందుకున్నవాళ్ళు రాష్ట్రంలో చాలాచోట్ల ఉన్నారు.

అపోహ: కొల్లేరు సరస్సు చుట్టూ బోలెడు ఖాళీ భూమి. ఇళ్ళు, బడులు అక్కడ కట్టేస్తే సరి.

వాస్తవం: అది ఖాళీ భూమి కాదు, నీళ్ళ చోటు. ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైంది, 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం ఎలా తెగ్గొట్టించిందో ఈ ప్రాంతంలో అందరికీ గుర్తే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి ఇందులో పడతాయి, సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టుకుని వస్తుంది. పల్లపు పొలం కొని, మట్టి తోలి మెరక చేసి పట్టాలిస్తే ఆ నీళ్ళు పక్క పేట మీద పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచాక ఆ నీరు కొల్లేటికే వచ్చింది. లంక గ్రామాల దారులు మునిగాయి.

అలా మునిగినప్పుడు జనం తలదాచుకునేది బడిలోనే. బెంచీలు పక్కకు జరిపి, చాపలు పరిచి, అక్కడే వంట. అందుకే ఇక్కడ బడిని ఎత్తు మీద, పై అంతస్తుతో కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: ఇంటిపన్ను సొంతిల్లున్నవాళ్ళ గొడవ.

వాస్తవం: 2021 నుంచి పన్ను ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నారు. పన్ను పెరిగితే యజమాని అద్దె పెంచుతాడు. అద్దెకున్నవాళ్ళు కూడా బడ్జెట్ గురించి అడగాలి.

2021లో ఏలూరులో పురపాలక ఎన్నికలు జరిగాయి, తాడేపల్లిగూడెంలో జరగలేదు. ఈసారి మీ గడపకు ఓటడగడానికి వచ్చినవాళ్ళను మూడు మాటలు అడగండి. అప్పు చేస్తే ఏ ఆదాయంతో తీరుస్తారు? కొత్త కాలనీ ఎంత ఎత్తులో ఉంది? అందులో బడికి కేటాయించిన స్థలం సర్వే నంబరెంత?